ఆపరేషన్ అంటే భయం: తేదీ ఖాయమైన రోజు నుంచి థియేటర్ తలుపు దాకా ఏం చేయాలి

ఆపరేషన్ తేదీ ఖాయమైందని తెలియగానే ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ ఒకే మాట అంటారు: “ఏం కాదులే, ఈ రోజుల్లో ఇదో ఆపరేషనా!” అనేవాళ్ల మనసు మంచిదే. కానీ ఆ మాటకు భయం తగ్గదు, పేషెంటు నోరు మాత్రం మూతపడుతుంది. “ఏం కాదు” అన్న మనిషిని “మత్తులోంచి లేవకపోతే?” అని ఎలా అడుగుతారు? అడగలేక మింగేసిన ఆ ప్రశ్నే రాత్రి రెండింటికి నిద్ర లేపుతుంది.

పైకి ఒకే భయంలా కనిపించినా లోపల నాలుగైదు ఉంటాయి. మత్తు భయం, కోత భయం, నొప్పి భయం, డబ్బు భయం, “నాకేమైనా అయితే పిల్లలేం కావాలి” అనే భయం. దేని మందు దానిదే. విడదీసి చూస్తే చాలావాటికి ఫలానా మనిషి దగ్గర ఫలానా జవాబు దొరుకుతుంది. ఈ మార్గదర్శిలో చేసేది ఆ పనే. ముందుగా తేదీ పెట్టుకుని చేయించుకునే గాల్ బ్లాడర్ రాళ్లు, హెర్నియా, మోకాలి మార్పిడి, గర్భసంచి ఆపరేషన్ల వంటివాటికి ఇది పనికొస్తుంది. ఉదాహరణ కావాల్సిన చోటల్లా గాల్ బ్లాడర్‌కు చేసే లాపరోస్కోపీని (పొట్ట మీద చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) తీసుకున్నాం.

ఇదంతా మనసుకు సంబంధించిన సంగతే కదా అని వదిలేయకండి. భయంతో అడ్రినలిన్ పెరిగితే నాడి, బీపీ, షుగర్ కూడా పెరుగుతాయి. ఆపరేషన్ రోజు బీపీ 180/110 దాటితే చాలాచోట్ల వాయిదా వేస్తారు. వాయిదా పడితే అదే భయం మళ్లీ మొదటి నుంచి పడాలి.

మొదటి పని: ఏ భయమో కాగితం మీద పెట్టండి

ఆపరేషన్ ముందు ఆందోళనను కొలవడానికి నెదర్లాండ్స్‌లో తయారై 1996లో వెలువడిన ఆమ్‌స్టర్‌డామ్ కొలమానం ఒకటి ఉంది. అందులో ఉన్నవి ఆరు వాక్యాలే, రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కోదానికి 1 (అస్సలు లేదు) నుంచి 5 (చాలా ఎక్కువ) వరకు మార్కు వేసుకోవాలి. వాక్యాల సారాంశం ఇది:

1. మత్తు గురించి ఆందోళనగా ఉంది.
2. మత్తు ఆలోచనే మెదులుతూ ఉంది.
3. మత్తు గురించి వీలైనంత తెలుసుకోవాలని ఉంది.
4. ఆపరేషన్ గురించి ఆందోళనగా ఉంది.
5. ఆపరేషన్ ఆలోచనే మెదులుతూ ఉంది.
6. ఆపరేషన్ గురించి వీలైనంత తెలుసుకోవాలని ఉంది.

1, 2, 4, 5 మార్కులు కలపండి. 20కి 11 గానీ అంతకు మించి గానీ వస్తే ఆందోళన చెప్పుకోదగ్గ స్థాయిలో ఉన్నట్టు. ఆ సంఖ్యను డాక్టరుకు చెప్పండి. “కొంచెం టెన్షన్‌గా ఉంది సార్” అంటే నవ్వి ఊరుకుంటారేమో గానీ “20కి 16 వచ్చింది” అంటే తల ఎత్తి చూస్తారు.

3, 6 మార్కులను విడిగా కలపండి. అందరూ పట్టించుకోని భాగం ఇదే. 10కి 8 గానీ అంతకు మించి గానీ వచ్చినవాళ్లకు వివరం ఎంత చెబితే అంత నెమ్మది. 4 లోపు వచ్చినవాళ్లకు వివరాలు కుక్కితే భయం పెరుగుతుంది. అలాంటివాళ్లకు ఆపరేషన్ వీడియోలు చూపించి “చూడు, ఎంత తేలికో” అనడం పెద్ద పొరపాటు. నిజానికి యూట్యూబ్‌లో కోత వీడియో చూడటం వల్ల ఎవరికీ మేలు లేదు. అది డాక్టరు కళ్లతో తీసింది. ఆ సమయంలో మీరు నిద్రలో ఉంటారు, అందులో మీకు అనుభవమయ్యేది ఒక్కటీ ఉండదు.

ఆరు వాక్యాల్లో పట్టుబడని భయాలను కింద రాయండి: ఖర్చు, ఇంటి బాధ్యత, బిడియం (ఒంటి మీద బట్టలుండవు కదా, ఎవరెవరు చూస్తారు), ఇంతకుముందు ఆసుపత్రిలో ఎదురైన చేదు అనుభవం. ఆడవాళ్లలో బిడియం చాలా పెద్ద భయం, నోరు తెరిచి చెప్పేది మాత్రం తక్కువ. “థియేటర్‌లో కప్పి ఉంచుతారా? తోడుగా సిస్టర్ ఉంటారా?” అని అడగడంలో తప్పేమీ లేదు.

రెండో పని: మత్తు డాక్టరుతో పది నిమిషాలు

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు చేసే పరీక్షను ఆసుపత్రుల్లో పీఏసీ అంటారు. చాలామంది దాన్ని ‘ఫిట్‌నెస్ సంతకం’ అనుకుని ఫైలు ఇచ్చి వచ్చేస్తారు. భయం తగ్గించడంలో ఇంతకంటే విలువైన పది నిమిషాలు ఇంకెక్కడా దొరకవు. 1964లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు, పొట్ట ఆపరేషన్ చేయించుకున్న 97 మందిపై జరిపిన అధ్యయనాన్ని ప్రచురించారు. వాళ్లలో కొందరికి నొప్పి ఎక్కడ వస్తుందో, ఎన్నాళ్లుంటుందో, ఒంటిని ఎలా వదులు చేసుకోవాలో మత్తు డాక్టరు ముందే వివరించారు. ఆ వివరణ విన్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత వాడాల్సి వచ్చిన నొప్పి మందు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే. ఇంటికి కూడా ముందుగా వెళ్లారు.

కాగితం మీద రాసుకుని అడగాల్సినవి ఇవి:

- నాకు ఇచ్చేది పూర్తి మత్తా, వెన్నుకిచ్చే మత్తా? ఎందుకు?
- నీళ్లు ఎన్ని గంటల వరకు తాగొచ్చు?
- నా మాత్రల్లో ఆ ఉదయం ఏవి వేసుకోవాలి, ఏవి ఆపాలి?
- లేచాక నొప్పికి ఏమిస్తారు? నొప్పి ఎక్కువైతే ఎవరిని పిలవాలి?
- వాంతులు రాకుండా ముందే మందు ఇస్తారా? (ప్రయాణాల్లో వాంతులయ్యేవాళ్లు ఈ మాట తప్పక చెప్పాలి.)

“మత్తులోంచి లేవకపోతే?” అని సూటిగా అడిగేయండి. మరే పెద్ద జబ్బూ లేని మనిషి, ముందే తేదీ పెట్టుకున్న ఆపరేషన్‌లో కేవలం మత్తు కారణంగా చనిపోవడం సుమారు లక్షలో ఒకరికి జరిగే సంగతి. “మధ్యలో మెలకువ వస్తే?” అన్నది రెండో పెద్ద భయం. బ్రిటన్, ఐర్లాండ్‌లలో జరిపిన భారీ పరిశీలన 2014లో వెలువడింది. మెలకువ వచ్చిందని పేషెంట్లు చెప్పిన సందర్భాలు సుమారు 19,600 పూర్తి మత్తులకు ఒకటి అని అందులో తేలింది. పూర్తి మత్తు ఇచ్చినంతసేపూ మత్తు డాక్టరు తలవైపే ఉండి నాడి, బీపీ, ఆక్సిజన్ చూస్తూనే ఉంటారు. చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇంజక్షన్ ఇచ్చి వెళ్లిపోతారనుకుంటారు.

వెన్నుకు మత్తిస్తే నడుం పడిపోతుందనే మాట మన ఊళ్లలో గట్టిగా పాతుకుపోయింది. వెన్నుపాము పెద్దవాళ్లలో నడుం పైభాగంలోనే ముగుస్తుంది. సూది దిగేది దానికి కింద, నరాల పోగులు నీటిలో తేలుతుండే చోట. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు సలపవచ్చు. జీవితాంతం ఉండే నడుం నొప్పికి కారణం సాధారణంగా ఆ సూది కాదు. మరుసటి రోజో ఆ పైరోజో, లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి మాత్రం కొద్దిమందికి వస్తుంది. సన్న సూదులతో అది నూటికి ఒకరు అటూ ఇటూ. వస్తే ఓర్చుకుని ఇంట్లో కూర్చోకండి. చికిత్స ఉంది, మత్తు డాక్టరుకు చెప్పండి.

దాచకుండా చెప్పాల్సినవి కూడా ఉన్నాయి: రోజూ మద్యం తాగే అలవాటు, నిద్ర మాత్రలు, అశ్వగంధ వంటి మూలికలు, బరువు తగ్గడానికి వేసుకునే ఇంజక్షన్లు. భయంతో ముందు రోజు దాకా తాగి హఠాత్తుగా ఆపేస్తే, ఆపరేషన్ అయిన రెండో మూడో రోజున వణుకు, కలవరింత మొదలవుతాయి. ఇంట్లోవాళ్ల ఎదుట చెప్పలేకపోతే “డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలి” అనండి.

మూడో పని: ఆ రోజు మీకు ఏం కనిపిస్తుంది, ఏం తగులుతుంది

డాక్టర్లు చెప్పేది వాళ్లేం చేస్తారో. భయపడే మనిషికి అంతకంటే ముఖ్యం తనకు ఎలా ఉంటుందో. గాల్ బ్లాడర్ లాపరోస్కోపీ రోజు సాధారణంగా ఇలా సాగుతుంది.

వార్డులో ఆసుపత్రి గౌను ఇస్తారు. చేతికి పేరున్న పట్టీ కడతారు. స్ట్రెచర్ మీద వెల్లకిలా తీసుకెళ్తుంటే కనిపించేది సీలింగు, వరుసగా దాటిపోయే లైట్లు. చాలామందికి గుండె దడ ఎక్కువయ్యేది ఈ రెండు మూడు నిమిషాల్లోనే. నడవగలిగినవాళ్లు “నడిచి రావచ్చా?” అని అడగొచ్చు. చాలాచోట్ల ఒప్పుకుంటారు. నడిచి వెళ్తే మనసు కొంత అదుపులో ఉంటుంది.

మీ పేరేంటి, ఏ ఆపరేషన్, ఎటువైపు అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు. “నేనెవరో కూడా వీళ్లకు తెలియదా!” అని కంగారు పడకండి. పొరపాటు జరగకుండా ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన తనిఖీ జాబితాలో అది భాగం. ఎక్కువసార్లు అడిగారంటే ఎక్కువ జాగ్రత్తగా ఉన్నారని అర్థం.

థియేటర్ చల్లగా ఉంటుంది. వణుకు మొదలైతే దాన్ని భయమనుకుని ఇంకా బెదిరిపోతారు. “దుప్పటి ఇవ్వండి” అని అడిగితే ఇస్తారు. ఛాతీ మీద చల్లటి స్టిక్కర్లు అంటిస్తారు, వేలికి క్లిప్పు పెడతారు. బీపీ పట్టీ చేతిని గట్టిగా బిగిస్తుంది. మీ నాడితో పాటు ‘బీప్ బీప్’ అని వినిపిస్తుంది. భయంతో నాడి పెరిగితే ఆ శబ్దమూ వేగమవుతుంది, అది విని భయం ఇంకా పెరుగుతుంది. ఇది ముందే తెలిసినవాళ్లు ఆ శబ్దాన్ని పట్టించుకోరు. ముఖానికి ప్లాస్టిక్ వాసన వేసే మాస్కు పెడతారు, అందులోంచి వచ్చేది ఆక్సిజన్. ఊపిరాడనట్టు అనిపిస్తే “కొంచెం పైకి పట్టుకోండి” అనొచ్చు. మత్తు మందు ఎక్కేటప్పుడు చేతి నరంలో కొద్ది క్షణాలు మంట పుట్టవచ్చు. ఒక నిమిషం లోపే నిద్ర.

తర్వాత మీకు తెలిసేది ఎవరో పేరు పెట్టి పిలవడం. నోరు ఎండిపోయి ఉంటుంది, గొంతులో గొట్టం పెట్టినందువల్ల ఒకటి రెండు రోజులు గరగర. పొట్ట మీద మూడు నాలుగు చిన్న గాట్లకు పట్టీలుంటాయి. ఇంకో సంగతి ముందే తెలిసి ఉండాలి: పొట్టలోకి ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్ వల్ల భుజం, ముఖ్యంగా కుడి భుజం, ఒకటి రెండు రోజులు లాగుతుంది. తెలియనివాళ్లు గుండెనొప్పేమోనని హడలిపోతారు. అయినా ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే వెంటనే సిస్టర్‌కు చెప్పాలి.

లోపలి భాగాలు ఒకదానికొకటి బాగా అతుక్కుపోయి ఉంటే పొట్ట కోసి చేయాల్సి రావచ్చు. ఆ మాట ముందే అడిగి తెలుసుకోండి. లేచి చూసుకుని పెద్ద కుట్లు కనబడితే “నాకేదో అయిపోయింది” అనుకుంటారు. అది సర్జన్ చేసిన పొరపాటు కాదు, క్షేమం కోసం మార్చిన దారి.

నాలుగో పని: ఒంటికి సాధన

ఊపిరి సాధనను ఆపరేషన్ రోజు మొదలుపెడితే పనిచేయదు. కనీసం వారం ముందు నుంచి, రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు చేయాలి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో లోపలికి, ఆరు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా బయటికి. నిమిషానికి ఆరు ఊపిరులు అవుతాయి. లాభం ఉన్నది వదలడంలో. చాలామంది గట్టిగా పీల్చి, టక్కున వదిలేస్తారు. అలా పదిసార్లు చేస్తే తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, “ఇంకా భయమేస్తోంది” అని మానేస్తారు. తల తిరిగిందంటే ఎక్కువ పీలుస్తున్నారని. తక్కువ పీల్చి, ఎక్కువసేపు వదలండి.

సూదిని, రక్తాన్ని చూస్తే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లకు మాత్రం ఇది చాలదు. వాళ్లలో బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, కాబట్టి ఒంటిని బిగించాలి. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు 10–15 సెకన్లు బిగబట్టి, 20–30 సెకన్లు మామూలుగా వదిలేయాలి. ఇలా ఐదుసార్లు. సూది గుచ్చే చెయ్యి మాత్రం వదులుగా ఉండాలి. సెలైన్ సూదిని పడుకోబెట్టే పెట్టమనండి.

ఇంట్లోవాళ్లు చేయాల్సినవి, మానాల్సినవి

“అమ్మకు చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేదు” అని జబ్బు పేరు దాచడం మన ఇళ్లలో మామూలే. ప్రేమతోనే దాస్తారు. కానీ గుసగుసలు, మూసిన తలుపులు, ఎర్రబడ్డ కళ్లు అమ్మకు కనబడుతూనే ఉంటాయి. అసలు సంగతి కంటే ఘోరమైనది ఆమె ఊహించుకుంటుంది. పైగా మైనారిటీ తీరి, సొంతంగా నిర్ణయించుకోగల మనిషికి ఏం చేస్తున్నారో చెప్పి, ఆ మనిషి ఒప్పుకోలే తీసుకోవాలి. 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. “నీకెంత తెలుసుకోవాలని ఉందమ్మా?” అని అడిగి, ఆమె కోరినంత చెప్పండి.

డబ్బు భయాన్ని పేషెంటు ఎదుట చర్చించకండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ వర్తించే ఆసుపత్రి అయితే అక్కడి ఆరోగ్యమిత్రను కలిసి, ముందస్తు అనుమతి వచ్చిందా, ఏవి వర్తిస్తాయి, ఏవి మన చేతి నుంచి పెట్టాలి అన్నవి రెండు రోజుల ముందే తేల్చుకోండి. తేలాక పేషెంటుకు ఒక్క వాక్యం చాలు: “డబ్బు సంగతి అయిపోయింది, ఇదిగో కాగితం.”

ముహూర్తం, రాహుకాలం, అమావాస్య పట్టింపులు ఉంటే తేదీ పెట్టేటప్పుడే సర్జన్‌తో చెప్పండి. కొద్దిగా అటూ ఇటూ మార్చడం చాలాసార్లు కుదురుతుంది. తెల్లవారితే ఆపరేషన్ అనగా గుర్తొస్తే ఆ దిగులు థియేటర్ దాకా వెంటవస్తుంది. పుస్తెల సంగతీ అంతే. థియేటర్ తలుపు దగ్గర సిస్టర్ “తీసేయండమ్మా” అనగానే కన్నీళ్లు పెట్టుకునే ఆడవాళ్లు ఎందరో. లోహం ఒంటి మీద ఉండకూడదు, కరెంటుతో రక్తం ఆపే పరికరం వాడతారు. ముందు రోజే ఇంట్లో, దీపం పెట్టుకుని, పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి వేసుకుని, పుస్తెలు తీసి బీరువాలో పెట్టుకోవచ్చు. మెట్టెలు, గాజులు, ముక్కుపుడక కూడా ముందు రోజే. ముక్కుపుడక ఏళ్ల తరబడి తీయనిదైతే సబ్బు నీళ్లు, కొంచెం ఓపిక కావాలి. థియేటర్ బయట ఆ పని పెట్టుకోవద్దు.

అమెరికా నుంచి, హైదరాబాద్ నుంచి, ఊరి నుంచి ముందు రోజు రాత్రి ఫోన్లు వరుస కడతాయి. ప్రతి ఫోనుకూ కథ మొదటి నుంచి చెప్పించుకుంటారు. సాయంత్రం ఏడు తర్వాత పేషెంటు ఫోను ఇంట్లో ఒకరు తీసుకుని, వాళ్లే జవాబు చెప్పండి. అమెరికాలో ఆపరేషన్ చేయించుకునే తెలుగు తల్లిదండ్రులకు ఇంకోమాట: అక్కడి ఆసుపత్రిలో తెలుగు దుబాసీని ఉచితంగా అడగొచ్చు. కొడుకో కూతురో అనువాదం చేస్తే భయపెట్టే మాటలు మధ్యలో జారిపోతాయి.

ముందు రోజు రాత్రి

ఉదయం 8కి ఆపరేషన్ అనుకుందాం. వేపుళ్లు, మాంసం తినాలంటే రాత్రి 12కు చాలా ముందే ముగించాలి, వాటికి 8 గంటలు కావాలి. ఇడ్లీ వంటి తేలికపాటి తిండికి, పాలకు, మజ్జిగకు, పాలు కలిపిన కాఫీకి 6 గంటలు. మంచినీళ్లకు 2 గంటల ఎడం సాధారణంగా చాలు. అయినా “రాత్రి పది నుంచి చుక్క నీళ్లు వద్దు” అని ఇప్పటికీ చాలాచోట్ల చెబుతారు. ఎండిపోయిన ఒంట్లో గుండె దడ, తలనొప్పి వస్తాయి, సూదికి నరం దొరకదు. ఆ మూడూ కలిసి భయంలాగే అనిపిస్తాయి. అందుకే నీళ్ల ప్రశ్న పీఏసీలోనే అడగమన్నాం. షుగరు వల్ల తిన్నది కడుపులోంచి నెమ్మదిగా కదిలేవాళ్లకు, గర్భిణులకు లెక్క వేరుగా ఉండవచ్చు. మీ డాక్టరు చెప్పిన వేళే ఖాయం. కాఫీ లేనిదే తల పగిలిపోయేవాళ్లు, పాలు లేని డికాక్షన్ ఎప్పటి వరకు తాగొచ్చో అడిగి పెట్టుకోండి.

మాత్రల విషయంలో సొంత వైద్యం వద్దు. రోజూ వేసుకునే ఆందోళన మాత్రలు, డిప్రెషన్ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపకండి. పక్కింటివాళ్లిచ్చిన నిద్రమాత్ర మింగకండి. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్లకు, వృద్ధులకు అది ప్రమాదం. మత్తు డాక్టరే ఆల్ప్రజోలం వంటిది రాసిస్తే చెప్పిన వేళకు, చెప్పినంతే. ప్రతి ఒక్కరికీ మాత్ర అవసరం లేదు కూడా. ఫ్రాన్స్‌లో 1,062 మందిపై జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్‌కు ముందు లోరజెపామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర వేసినా పేషెంట్ల సంతృప్తి పెరగలేదు, తేరుకోవడం మాత్రం ఆలస్యమైంది.

నిద్ర పట్టకపోతే పట్టలేదని బెంగ వద్దు. ఒక రాత్రి నిద్ర తక్కువైనందుకు మత్తు చెడదు.

ఆ ఉదయం

“ఎనిమిదికి” అంటే ఎనిమిదికే లోపలికి తీసుకెళ్తారని కాదు. ముందున్న కేసు ఆలస్యమైతే పదకొండు కావచ్చు. ఏ వంతో అడిగి, రెండు మూడు గంటలు ఎదురుచూడాలనే లెక్కతో వెళ్లండి. ఇయర్‌ఫోన్‌లో నెమ్మదైన పాటలో, కీర్తనలో, స్తోత్రాలో అరగంట పెట్టుకోండి. సంగీతం ఆపరేషన్‌కు ముందు ఆందోళనను తగ్గిస్తుందని చాలా పరీక్షల్లో కనబడింది. పాట పేషెంటుకు నచ్చింది కావాలి, కొడుకుకు నచ్చింది కాదు. పక్కన ఒక్కరే ఉండండి. మంచం చుట్టూ ఎనిమిది మంది నిలబడితే అది వీడ్కోలులా ఉంటుంది. కళ్లజోడు, చెవి మిషను థియేటర్ దాకా ఉంచుకుంటామని అడగండి. మాట సరిగా వినబడక కంగారు పడే వృద్ధులు చాలామంది.

బీపీ ఎక్కువ వస్తే ఐదు పది నిమిషాలు మాటలు ఆపి, పైన చెప్పిన ఊపిరి సాధన చేసి మళ్లీ చూడమనండి. ఇంట్లో చూసుకున్న వారం రోజుల బీపీ చీటీ చూపిస్తే డాక్టరుకు నిర్ణయం తేలిక. దగ్గు, జ్వరం, పొరపాటున తాగిన కాఫీ ఉంటే వాయిదా వేస్తారని దాచకండి. కడుపులో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు.

పిల్లలకు ఆపరేషన్ అయితే

ఆరేళ్ల లోపు పిల్లలకు అమ్మానాన్నలను వదిలి వెళ్లడమే భయం, ఆపరేషన్ కాదు. “ఊరికే డాక్టర్ అంకుల్‌ని చూసొద్దాం” అని అబద్ధం చెప్పి తీసుకెళ్తే తర్వాత ఏళ్ల తరబడి తెల్లకోటును నమ్మరు. చిన్నవాళ్లకు ఒకటి రెండు రోజుల ముందు, ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లకు వారం ముందు నిజం చెప్పండి. మాస్కును బొమ్మకు పెట్టి ఆడించండి. నిద్రపోయే దాకా తల్లి పక్కన ఉండవచ్చా, సూది పెట్టే చోట గంట ముందు తిమ్మిరి క్రీము రాస్తారా అని పీఏసీలో అడగండి. తల్లి ఏడుస్తూ ఉంటే మాత్రం నాన్నో అమ్మమ్మో లోపలికి వెళ్లడం మేలు.

ఇంట్లో తేలని భయం

వరసగా నాలుగైదు రాత్రులు నిద్ర లేకపోయినా, ఊపిరాడనట్టు, చచ్చిపోతున్నట్టు ఉన్నట్టుండి దడ వచ్చి పోతున్నా, అవసరమైన ఆపరేషన్‌నే వద్దనుకుంటున్నా సర్జన్‌కు చెప్పి మానసిక వైద్యుణ్ణి కలవండి. తేదీ వారం వాయిదా పడినా నష్టం లేని ఆపరేషన్లు చాలా ఉన్నాయి. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదనే ఆలోచన వస్తే ఆ క్షణమే పక్కవాళ్లకు చెప్పండి.

ఆపరేషన్ వాయిదా పడితే ఇంటికి వెళ్లే ముందే మూడు విషయాలు రాయించుకోండి: ఎందుకు వాయిదా, దానికి మనం చేయాల్సిందేమిటి, మళ్లీ ఏ రోజు. తేదీ లేకుండా “ఫోన్ చేస్తాం” అన్న మాటతో ఇంటికి వెళ్తే ఆ రాత్రీ నిద్ర ఉండదు.